గడప లేని పొయ్యి

మా చెల్లెలు అట్లాంటాలో ఉంటుంది. మాఘమాసంలో ఒక ఆదివారం రాత్రి, అంటే వాళ్ళకి పొద్దున్న, ఫోన్ చేసి "అక్కా, నీకొకటి చూపిస్తానుండు" అంటూ ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ ఇనుప చట్రం మీద ఆకుపచ్చటి గుడ్డు ఒకటి కూర్చుని ఉంది. మామూలు గుడ్డు కాదు. మన నీళ్ళ బానంత ఉంది.

"ఏ పక్షి పెట్టిందే ఇది?" అన్నాను.

"పక్షి కాదు, పొయ్యక్కా! పింగాణీ పొయ్యి" అంటూ మూత ఎత్తింది. లోపల గోధుమరంగులో నిగనిగలాడుతూ, పెద్ద పూర్ణచంద్రుడిలాంటి రొట్టె. పాలు, పంచదార, యాలకులు, వెన్న వేసి ఈస్టుతో పులియబెట్టిందట. తర్వాత ఆ గుడ్డు ఖరీదు చెప్పింది. ఆ డబ్బుకి మా తల్లాడ వైపు పాలిచ్చే గేదె ఒకటి వస్తుంది.

నా వెనకాల కుర్చీలో కూర్చుని చూస్తున్న మా అత్తయ్య గారు, ఆవిడకి ఎనభై దాటాయి, కళ్ళజోడు సర్దుకుని, "దీనికి అంత డబ్బెందుకే? బానకి మూత పెట్టి, కింద నిప్పులూ పైన నిప్పులూ పోస్తే అదే కదూ!" అన్నారు.

నవ్వాను గాని, ఆ మాట నన్ను పట్టుకుంది. నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. పానిపట్టు యుద్ధాలు మూడూ సంవత్సరాలతో సహా అప్పచెప్పగలను. కాని రోజూ తినే తిండి ఏ పొయ్యి మీంచి ఏ పొయ్యి మీదికి నడిచి వచ్చిందో ఆ పుస్తకాల్లో ఒక్క ముక్క ఉంటే ఒట్టు. సరే, నేనే వెతుకుదామని కూర్చున్నాను.

ముందు ఆ గుడ్డు సంగతి. దాన్ని కమాడో అంటారు. జపాను భాషలో ఆ మాటకి అర్థం ఏమిటో తెలుసా? పొయ్యి! అంతే. అన్నం వండుకోవడానికి వాళ్ళకి మూతతో సహా గుండ్రటి మట్టి పొయ్యిలు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపానులో మకాం పెట్టిన అమెరికా సిపాయిలు వాటి మీద మోజుపడి ఇళ్ళకి తీసుకుపోయారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన మా చెల్లెలుండే అట్లాంటాలోనే వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. మొదటివి ఉత్త మట్టివి కావడంతో కొన్నాళ్ళకి పగిలిపోయేవి. తర్వాత గట్టి సిరామిక్కుతో చేసి, ఆకుపచ్చ రంగు వేసి, గుడ్డని పేరు పెట్టారు. జపాను పల్లెటూరి వంటింటి పొయ్యి అమెరికా వెళ్ళి దొరబాబై కూర్చుందన్నమాట.

దాని కిటుకు కూడా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. గోడ మందం. మందపాటి మట్టిగోడ వేడిని తాగి దాచుకుంటుంది, తర్వాత నిదానంగా అన్ని వైపుల నుంచీ వదుల్తుంది. మూత వేస్తే రొట్టెలో తడి బయటికి పోదు. కింద ఒక కన్నం, పైన ఒక కన్నం. గాలి ఎక్కువ వదిలితే మంట ఎక్కువ, మూసేస్తే తక్కువ. మన వాళ్ళకి తెలియనిదా ఇది? మినప దిబ్బరొట్టె ఎలా కాల్చేవారు? దళసరి గిన్నెలో పిండి పోసి, మూకుడు మూసి, దాని మీద నాలుగు నిప్పులు వేసేవారు. వరంగల్లు వైపు సర్వపిండి ఎలా చేస్తారు? సర్వ లోపలి గోడకి పిండి అద్ది కాలుస్తారు. రొట్టెని గోడకి అంటించి కాల్చడం అంటే తందూరు పద్ధతే కదండీ!

తందూరంటే గుర్తొచ్చింది. ఇది చాలా పెద్దింటి పేరు. మెసొపొటేమియాలో అక్కాడియన్ భాష మాట్లాడేవాళ్ళు రొట్టెల పొయ్యిని తినూరు అనేవారు. అదే పారశీకుల నోట తనూర్ అయి, మన దగ్గరికొచ్చేసరికి తందూర్ అయింది. మాట అక్కణ్ణించి వచ్చినా వస్తువు మాత్రం మన దేశంలో అంతకు ముందే ఉంది. రాజస్థాన్‌లోని కాళీబంగన్ తవ్వకాల్లో, హరప్పా కాలం నాటి ఇళ్ళల్లో, తందూరు లాంటి మట్టి పొయ్యిలు దొరికాయి. అంటే నాలుగు వేల ఏళ్ళ పైమాటే.

మన తెలుగు నేల మీద ఆ పొయ్యిని చూడాలంటే హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళాలి. మొన్న మా పబ్లిషరు గారిని కలవడానికి వెళ్ళినప్పుడు, పని చూసుకుని, పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం ముందు పావుగంట నిలబడ్డాను. నిజాం కచేరీలో మున్షీగా పనిచేసిన ఒకాయన 1851లో పెట్టిన దుకాణం అని చెప్తారు. నాలుగు పలకల నాన్ దాని ప్రత్యేకత. బావిలాంటి పొయ్యి పక్కన ఒకతను కూర్చుని, మెత్తటి దిండులాంటిదాని మీద పిండి పరిచి, ఆ సెగలోకి వంగి, గోడకి ఒక్క చరుపు చరుస్తున్నాడు. రెండు నిమిషాలకి ఇనప చువ్వతో లాగేస్తున్నాడు. ఆ నిప్పుల ముఖంలోకి రోజుకి ఎన్ని వందల సార్లు వంగుతాడో! వాళ్ళావిడ రాత్రి ఆ చేతులకి ఏం రాస్తుందో అనుకున్నాను.

మా చెల్లెలు కాల్చిన తియ్యరొట్టెకి అసలైన అక్కయ్య కూడా ఆ పాతబస్తీలోనే ఉంది. షీర్మాల్. పారశీకంలో షీర్ అంటే పాలు. నీళ్ళకి బదులు పాలతో పిండి కలిపి, పంచదార, నెయ్యి, కుంకుమపువ్వు వేసి పులియనిచ్చి, మట్టి పొయ్యిలో కాలుస్తారు. అది తిన్నాక అట్లాంటా రొట్టెని చూసి నేను అసూయపడడం మానేశాను.

ఇంకో కథ కూడా ఉంది, వినండి. మొదటి నిజాం దక్కనుకి వచ్చే రోజుల్లో ఒక సూఫీ గురువు గారిని దర్శించుకున్నాడట. ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టాడట. ఆకలి మీదున్న నిజాం ఏడు తిన్నాడట. "నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది" అని గురువు దీవించాడట. అందుకే ఆసఫ్ జాహీల పసుపు జెండాలో గుండ్రంగా ఉన్నది కుల్చా అని హైదరాబాదు వాళ్ళు చెప్పుకుంటారు. 1724 నుంచి 1948 దాకా వాళ్ళు ఏలిన మాట చరిత్ర. కుల్చాల లెక్క మాత్రం కథ. అయినా జెండా మీద కత్తికీ సింహానికీ బదులు రొట్టె ఉందనుకోవడం నాకెందుకో నచ్చింది.

మరి ఇంత రొట్టె హైదరాబాదులో ఉంటే, తల్లాడ లాంటి ఊళ్ళల్లోకి ఎందుకు రాలేదు? కారణం గింజలోనే ఉంది. గోధుమపిండిని తడిపి పిసికితే సాగే జిగురు ఒకటి పుడుతుంది. పులిసినప్పుడు వచ్చే గాలిని ఆ జిగురు బుడగలుగా పట్టి ఉంచుతుంది. అందుకే రొట్టె పొంగుతుంది. మన తెలంగాణా పల్లెల ముఖ్యాహారం ఒకప్పుడు జొన్న. జొన్నపిండిలో ఆ జిగురు లేదు. మీరు ఎంత పులియబెట్టినా అది పొంగదు. అందుకే మన రొట్టె చేత్తో తట్టి కాల్చే పల్చటి రొట్టె అయింది. పొంగిన రొట్టె వచ్చినప్పుడు మనవాళ్ళు ఆశ్చర్యపోయి డబల్ రొట్టె అన్నారు. పెళ్ళిళ్ళలో మనం లొట్టలేసుకుంటూ తినే డబల్ కా మీఠాలో డబల్ అదే!

1889లో నిజాం రైలు ఖమ్మం మీదుగా బెజవాడ దాకా వచ్చింది. రైలుతో దొరలు, దొరలతో బట్లర్లు, వాళ్ళతో రొట్టె. అంతకు ముందే మద్రాసు సైన్యంలోని కల్నల్ కెన్నీ హెర్బర్ట్ 1878లో వైవర్న్ అనే కలం పేరుతో వంటల పుస్తకం రాసి, దొరసానులకి బేకింగ్ పౌడరుతో ఇంట్లోనే రొట్టె చేసుకోమని సలహా చెప్పాడు. స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా నుంచి పి.ఎల్. 480 గోధుమలు ఓడల్లో దిగాయి. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ అని కంపెనీ పెట్టి, మైనం కాగితంలో చుట్టిన రొట్టె అమ్మింది. 2000లో దాన్ని హిందుస్థాన్ లీవర్ వాళ్ళకి ఇచ్చేసింది. ఈలోగా 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, జొన్నరొట్టెల ఇళ్ళల్లో కూడా రోజూ అన్నం కుండ పొయ్యెక్కింది. రొట్టె మాత్రం మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఒకే ఒక్క ఉద్యోగం సంపాదించుకుంది. జ్వరం వచ్చినవాళ్ళ పథ్యం!

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి.

నాకు ఎనిమిదో ఏట టైఫాయిడ్ వచ్చింది. అప్పుడు అమ్మమ్మ గారింట్లో ఉన్నాను. డాక్టరు పాలూ రొట్టే పెట్టమన్నాడు. తాతయ్య బస్సెక్కి టౌనుకి వెళ్ళి రొట్టె తెచ్చాడు. అమ్మమ్మ వీధి గడప దగ్గరే అడ్డంగా నిలబడింది. "కల్లు పోసి పులియబెడతారుట. నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు" అంది. ఆ రొట్టె వసారాలో చిలక్కొయ్యకి సంచిలో వేలాడింది. రెండు వారాలు నా మంచమూ వసారాలోనే. నా కంచం విడిగా, గ్లాసు విడిగా. జ్వరం తగ్గాక నన్ను తలారా నీళ్ళు పోసి గాని లోపలికి రానివ్వలేదు. చిన్నదాన్ని కదా, నాకది సరదాగానే ఉంది. ఆ రొట్టె పాలల్లో తడిసినప్పటి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

పదేళ్ళ తర్వాత అమ్మమ్మ మంచాన పడింది. పళ్ళు లేవు. ఏదీ మింగుడు పడటం లేదు. మెత్తగా పాలల్లో నానేసిన రొట్టె పెట్టి చూడమన్నాడు డాక్టరు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని బతిమాలింది. అమ్మమ్మ పెదవులు బిగించి మొహం గోడవైపు తిప్పుకుంది. బార్లీ నీళ్ళతోనే వెళ్ళిపోయింది.

ఆ కల్లు మాట నిజమేనా అని ఇన్నాళ్ళకి వెతికాను. ఒకప్పటికి నిజమే. గోవాకి వచ్చిన పోర్చుగీసు వాళ్ళకి రొట్టె పొంగించే మడ్డి ఇక్కడ దొరక్క, కల్లు పోసి పిండి పులియబెట్టారు. వాళ్ళ మాటే పావ్. ఐరోపాలో కూడా అంతే, బీరు బట్టీల నురగ తెచ్చుకుని రొట్టె చేసుకునేవారు. ఆ నురగలో ఉన్నది ప్రాణమున్న సూక్ష్మజీవులనీ, పులియడం వాటి పనేననీ 1857లో లూయీ పాశ్చర్ నిరూపించాడు. ఇప్పుడు డబ్బాల్లో గుళికల్లా వచ్చే ఈస్టు కూడా ఆ జాతిదే. నా టైఫాయిడ్ నాటికే బేకరీల వాళ్ళు చాలామంది కల్లు మానేసి ఈస్టుకి మారిపోయారు. అమ్మమ్మకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే తినేదా? నాకు నమ్మకం లేదు. ఆవిడ ఇడ్లీ పిండి పులియలేదా? పెరుగు తోడుకోలేదా? పులుపు కాదండీ ఆవిడకి అడ్డం. ఆ పిండి ఏ చేతులు పిసికాయో, ఆ కల్లు ఏ చేతులు గీశాయో, అదీ అడ్డం.

ఇక నా ప్రయోగం. కుమ్మరి దగ్గర పెద్ద బాన కొన్నాను. అడుగు పక్కన గాలికి కన్నం పెట్టించాను. మా పెరట్లో వేపచెట్టు కింద సగం దాకా మట్టిలో పాతాను. మొదటిరోజు ఉత్సాహం పట్టలేక ఒక్కసారిగా నిప్పులు పోసేసరికి బాన 'టప్'మని పగిలింది. కొత్త కుండని మెల్లగా కాచి అలవాటు చెయ్యాలని అత్తయ్య అప్పుడు చెప్పారు. ముందే చెప్పొచ్చుగా అంటే, "నువ్వు అడిగావా?" అన్నారు. రెండో బానలో రొట్టె అడుగు బొగ్గు, మధ్య పచ్చిపిండి. మావారు దాన్ని చూసి, "చరిత్ర రాయడమే సులువేమో!" అన్నారు. దాంతో ఖమ్మం నుంచి తెచ్చుకున్న ఈస్టు డబ్బా కూడా అడుగంటింది.

మాకు ఎండాకాలంలో ముంజలు తెచ్చిపెట్టే గౌడ్ గారి భార్య ఉంది. పన్నెండేళ్ళుగా వస్తోంది. ఆ రోజు గేటు దగ్గర ముంజలు లెక్కపెడుతుంటే, మెల్లిగా, "పొద్దుటి కల్లు ఒక గ్లాసుడు కావాలి. రొట్టెలోకి" అన్నాను. ఆమె ముందు నిర్ఘాంతపోయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కల్లుతో రొట్టా అమ్మా? మా ఆయనకి చెప్తే నమ్మడు!"

మర్నాడు తెల్లారేసరికి చిన్న లొట్టిలో తెచ్చింది. ఎండెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపెక్కుతుందనీ, వెంటనే కలిపెయ్యమనీ చెప్పింది. అర కిలో మైదా, నూరు గ్రాముల బెల్లం కరిగించి వడకట్టిన పాలు, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు, సరిపడా కల్లు. చేతికి అంటుకోకుండా సాగేదాకా పిసికి, తడిగుడ్డ కప్పి పెట్టాను. నాలుగు గంటలకల్లా పిండి రెట్టింపయింది. డబల్ రొట్టె పేరు ఎందుకొచ్చిందో కళ్ళారా చూశాను.

సాయంత్రం పొయ్యి రాజేస్తుంటే ఆమె మళ్ళీ వచ్చింది. రొట్టె ఎలా వస్తుందో చూడాలట. గేటు దగ్గరే నిలబడి చూసి చూసి, ఆగలేక, "అట్లా కాదమ్మా! కింద నిప్పు తక్కువ, మూత మీద ఎక్కువ ఉండాలె. మా అమ్మ మినపరొట్టె అట్లనే కాల్చేది" అంటూ లోపలికి వచ్చేసింది. నా చేతిలో పటకారు తీసుకుంది. అడుగున నిప్పుల్ని పక్కలకి నెట్టి, మూడు రాళ్ళ మీద గిన్నె ఎత్తుగా పెట్టి, మూత మీద నిండా నిప్పులు పరిచింది. ముప్పావుగంట తర్వాత మూత తీశాం. గిన్నె బోర్లించి అడుగున వేలితో కొడితే డబడబ మోగింది. ఉడికిందనడానికి అదే గుర్తు.

అత్తయ్య గారు వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. ఆవిడ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఆవరణలోకి కల్లు రాలేదు. నేను రొట్టె ముక్క చేశాను గాని, ఆవిడకి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. నా కళ్ళ ముందు గోడవైపు తిరిగిన అమ్మమ్మ మొహమే ఉంది.

"కల్లు వాసన వస్తుందా?" అని అత్తయ్యే అడిగారు.

"రాదు పెద్దమ్మగారూ, అంత నిప్పుల్లో ఇంకెక్కడ ఉంటది!" అంది ఆమె. నిజమే, ఆ వేడికి ఉన్న కాస్త మత్తూ చాలావరకు ఆవిరైపోతుంది.

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత నావైపు చూసి, "నాకు పళ్ళు లేవు. పాలల్లో వేసి ఇయ్యి" అన్నారు. ఆ తర్వాత ఆమెతో, "నిలబడతావేమే, కూర్చో. నువ్వు కాల్చిందేగా, తిను" అన్నారు. ఆమె చాప మీద ఒక మూలగా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. రొట్టె అంచులు కొంచెం మాడాయి. మధ్యలో మాత్రం దూదే. బెల్లం వాసన, యాలకుల వాసన, వెనకాల ఎక్కడో సన్నటి పులుపు. చీకటి పడేదాకా ముగ్గురం తింటూ, మినపరొట్టెల గురించీ ఆమె అమ్మ గురించీ మాట్లాడుకున్నాం.

రాత్రి పడుకున్నాక అనిపించింది. ఇదే పొయ్యి నా వంటింట్లో ఉంటే ఆమె వచ్చి పటకారు అందుకునేదా? అత్తయ్య కూర్చోమనేవారా? బయట పెట్టిన పొయ్యికి గడప లేదు. అదే దాని గొప్పతనం.

ఇక్కడితో ఆపేస్తే నన్ను నేను మెచ్చుకున్నట్టవుతుంది. మూడోరోజు ఆమె ముంజలు తెచ్చింది. మళ్ళీ అలవాటుగా గేటు దగ్గరే బుట్ట దించి నిలబడింది. నేనూ అలవాటుగా డబ్బులు పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. చెయ్యి చాపాక గుర్తొచ్చింది. అమ్మమ్మ అయితే అడ్డంగా నిలబడి రావద్దంది. నేను రావద్దని ఎప్పుడూ అనలేదు. నిజమే. కాని పన్నెండేళ్ళలో ఒక్కసారి రమ్మనీ అనలేదు.

"లోపలికి రా. టీ పెడతాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, చెప్పులు విడిచి వచ్చింది. టీలోకి నిన్నటి రొట్టె ముక్కలు రెండు మిగిలి ఉన్నాయి.